పొగ పొరుగింటికి పోవును

ప్రియ చదువరీ, నీ పొయ్యిలోనుండి లేచిన పొగ నీ యింటి కప్పుతో ఆగదు. అది గోడ దాటును, వీధి దాటును, నీవు పిలువని యింటిలోనికి నీ వంట సంగతి మోసికొనిపోవును. ఆ పొగవలన పొరుగువాడు నొచ్చుకొనినయెడల నీవేమి చేయవలెను? పొయ్యి ఆర్పవలెనా? తలుపు మూయవలెనా? లేక నా పొయ్యి నా యిష్టమని చెప్పి ఊరకుండవలెనా? ఇది వంటింటి సంగతియేగదా, దీనికింత విచారమేల అని కొందరనవచ్చును. కాని మన దేశములో ఈ వంటింటి సంగతి మీదనే అద్దె యిండ్లు దొరకకపోయినవి, స్నేహములు తెగినవి, ప్రాణములు కూడ పోయినవి. కావున నిదానముగా చూతము.

నేను చెప్పుచున్నది తునకల సంగతి. పట్టణములో పెరిగిన చదువరికి ఈ మాట తెలియకపోవచ్చును గనుక కొంచెము వివరించెదను.

నారాయణఖేడ్ ప్రాంతములోని కల్హేర్, దాని చుట్టుప్రక్కల పల్లెలు మూడు భాషల సరిహద్దున నున్నవి. ఆ తాలూకా 1956 వరకు బీదరు జిల్లాలోనిది. ఆ యేట మెదకు జిల్లాలో కలిసినది. 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో నున్నది. అంగడి నాడు అక్కడ తెలుగుతోపాటు కన్నడము, మరాఠీ, లంబాడీ మాటలు చెవిని పడును. జొన్నరొట్టె అక్కడి ప్రధానాహారము. ఆ రొట్టెలోనికి వానకాలములో ఏమి కూర? చేతిలో పైకము లేనివాడు, పని దొరకనివాడు, ముసురు పట్టి వారము దినములు గడప దాటలేనివాడు ఏమి తినవలెను? దీనికి మాదిగవాడ, మాలవాడ తల్లులు తరతరాలుగా చెప్పిన జవాబు తునకలు. తెలంగాణమంతటను ఈ వాడుక గలదు; కల్హేర్‌కు మాత్రమే చెందినది కాదు.

పెద్దకూర యింటికి వచ్చిన దినమున కొంత అప్పుడే వండుకొందురు. మిగిలినదానిలో కొవ్వు లేని కండను ఏరి, దాని నారవెంబడి పొడుగుపాటి చీలికలుగా కోయుదురు. ముక్కలుగా కోసినచో లోపల తడి నిలిచి కుళ్లును. పలుచని చీలికయైతే ఎండ రెండు ప్రక్కల నుండి పట్టును. ఉప్పు, పసుపు పట్టించి దండెము మీద వేయుదురు. ఇక కావలి పని ముసలమ్మది. కాకి, గద్ద, కుక్క, పిల్లి, అన్నిటితోను ఆమెకు యుద్ధమే. మంచి యెండ కాచిన మూడు నాలుగు దినములలో ఆ చీలికలు నల్లబడి, వంచిన విరుగునంత గట్టిపడును. మబ్బు పట్టినచో పొయ్యి పైన, దూలమునకు కట్టిన త్రాటిమీద వ్రేలాడదీయుదురు. క్రింద కందికట్టె, పిడకలు మండుచుండగా వంట వంటయే, పొగ పొగయే. రెండు పనులకు ఒక్క నిప్పు. ఆ తరువాత కుండలోనికి పోవును, కుండ అటుక మీదికి పోవును. తినవలెననుకొనిన దినమున నిప్పులమీద కాల్చి, బండమీద దంచి, వేడినీళ్లతో కడిగి, పుంటికూరతోనో చింతచిగురుతోనో ఉడికింతురు. పిడికెడు తునకలు చాలును. ఆ పులుసు ఆరుగురి రొట్టెకు సరిపోవును. ఈ లెక్క తెలిసినవారు దీనిని రుచి కొరకు చేసిన వస్తువని మాత్రమే చెప్పరు.

రొమ్ము మాంసము మాత్రము ఈ పనికి లొంగదు. అది పశువు ముందరి కాళ్ల నడుమనుండు కండ. పశువునకు మనుష్యునివలె మెడయెముక లేదు గనుక ముందరి బరువు చాలమట్టుకు ఆ కండలమీదనే పడును. బ్రతికినన్నాళ్లు బరువు మోసిన కండ గట్టిపడక యేమగును? దానిలో కొవ్వు పొరలుండును, ఆ కొవ్వు ఎండలో చెడువాసన పట్టును. కావున మన తల్లులు దానిని ఎండబెట్టక, పెద్ద కుండలో సన్నని సెగమీద సగము దినము ఉంచెదరు.

అమెరికా దేశములోని టెక్సాసు రాష్ట్రములో ఇదే రొమ్ము మాంసమును పొగలోనే వండుట గొప్ప విద్యగా నెంచుదురు. పందొమ్మిదవ శతాబ్దములో అక్కడికి వలసపోయిన జర్మనీ, చెకు దేశపు కసాయివారు అమ్ముడుపోని మాంసమును పొగబెట్టి నిలువచేసిరి; ఆ దుకాణములనుండి ఈ వాడుక పెరిగినది. చవుకదని ఎవరును ముట్టని ముక్క ఇప్పుడు అక్కడ ఖరీదైనది. చేయు విధము వినుము. ఓకు కట్టెను నెమ్మదిగా కాల్చి, సుమారు 110 నుండి 120 డిగ్రీల వేడిలో పది పన్నెండు గంటలు, ఒక్కొకప్పుడు అంతకంటె ఎక్కువసేపు, మాంసమును ఉంచుదురు. లోపలి వేడి మెల్లమెల్లగా పెరిగి, 65 లేక 70 డిగ్రీల దగ్గర ఆగిపోవును. గంటలు గడచినను కదలదు. ఎందుకనగా మాంసము చెమర్చుచున్నది. ఆ తడి ఆవిరియగుచు, కుండలోని నీటిని చల్లబరచినట్లే మాంసమును చల్లబరచుచున్నది. క్రొత్తవాడు ఆ సమయమున భయపడి నిప్పు పెంచి పాడుచేయును. తెలిసినవాడు కాచుకొనును. తడి తగ్గిన తరువాత వేడి మరల లేచి, 95 డిగ్రీల దాపునకు చేరునప్పటికి గట్టి నరములవంటి పదార్థము కరగి జిగురగును, ముక్క వ్రేలితో విడిపోవును. ఇది చదివిన మన పల్లెటూరి తల్లి నవ్వవచ్చును. సన్నని సెగ సంగతి ఆమెకు పుస్తకము చెప్పనక్కరలేదు.

పొగ చేయు పని కూడ వింత కాదు. ఎండ, వేడి, ఉప్పు కలిసి మాంసములోని తడిని తీసివేయును. తడి లేనిచోట కుళ్లు పుట్టించు సూక్ష్మజీవులు పెరుగలేవు. పొగలోని ఆమ్లములు, ఫీనాలులు పైపొరను కాచును, కొవ్వు చెడకుండ ఆపును. ఈగ వాలదు. దక్షిణాఫ్రికావారి బిల్టాంగు, ఆండీసు కొండలవారి చార్కీ, నాగా కొండలలో పొయ్యిపైన వ్రేలాడు మాంసము, కేరళవారి ఇడియిరచ్చి, అన్నియు ఈ తెలివినుండి పుట్టినవే. మంచుపెట్టె లేని లోకమంతయు ఈ విధముగానే రేపటిని కాపాడుకొనినది.

ఇంతవరకు చెప్పినది పని. ఇక చిక్కు.

మన పల్లెలలో ఈ మాంసము వాడలోనికి ఏ దారిని వచ్చినది? చాలకాలము అది కొనితెచ్చినది కాదు. రైతు ఎద్దు చచ్చినప్పుడు దానిని ఈడ్చుకొనిపోవుట మాదిగవాని విధి. తోలు ఊనినది అతడు. ఆ తోలుతో మోటకు తొండము కుట్టినది, ఎద్దునకు పట్టెడ చేసినది, ఆసామికి చెప్పులు కుట్టినది అతడే. ఆ పనికి ప్రతిగా దొరికినది కొంచెము గింజ, ఆ చచ్చిన పశువు మాంసము. వాడవారు దానిని కుప్పలుగా వేసి ఇంటికొక కుప్ప పంచుకొందురు. ఒక్క దినమున తినలేనిది తునకలాయెను. అనగా, ఈ ఆహారము ఎన్నిక కాదు, కూలి. ఊరు తాను పారవేసినదానిని అతనికి కూలిగా నిచ్చి, అది తిన్నందుకు అతని దూరముగా నిలిపినది. ఈ రెండు పనులును చేసినవారు ఒక్కరే అని గమనించుము.

సువార్త వచ్చినప్పుడు ఈ కుప్ప దగ్గరనే మొదటి పరీక్ష వచ్చినది. ఒంగోలులో అమెరికను బాప్తిస్టు మిషను దొర జాన్ క్లౌ కాలమున మాదిగ విశ్వాసులకు మూడు నియమములుండెను: ఆదివారము పనిచేయరాదు, చచ్చిన పశువును తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. 1876 మొదలు 1878 వరకు గొప్ప కరవు. ఆ కరవు తరువాత 1878 జూలై 3వ తేదీన వేలుంపల్లి దగ్గర ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో ప్రతివాడును ఆ రెండవ నియమమునకు తల వంచవలసియుండెను. కరవునుండి లేచినవాడు అటుక మీది కుండను ఖాళీ చేయుట ఎంతటి మాట! అది రోగభయమువలన మంచిదే. కాని దానిలో అంతకంటె పెద్ద సంగతి గలదు. చచ్చినదానిని తినను అని చెప్పుట, నీవు పారవేసినది నా కూలి కాదు అని ఊరి పెద్దతో చెప్పుటయే. 1927 మార్చిలో మహాడ్ సభలో అంబేడ్కరుగారు తనవారితో చచ్చిన పశువు మాంసము మానుడని చెప్పినప్పుడును సంగతి ఇదియే. మానిన నోరు తమదే, మానిన చేయి తమదే.

ఇట్లు ఒకడు తన గౌరవము కొరకు తానే మానుట ఒకటి. ఎదుటివాడు మానుమని శాసించుట వేరొకటి. పైకి రెండును ఒక్కటిగానే కనబడును, అటుకమీది కుండ రెండింటిలోను ఖాళీయే. కాని ఒకదానిలో మనుష్యుడు నిలిచినాడు, రెండవదానిలో వంగినాడు.

చట్టము సంగతి కూడ చెప్పవలెను. 1977 నాటి ఆంధ్రప్రదేశ్ గోవధ నిషేధ, జంతు సంరక్షణ చట్టము తెలంగాణములోను అమలులోనున్నది. దాని ప్రకారము ఆవును, ఆవుదూడను, గేదెదూడను వధింపరాదు. ఎద్దు, గేదె మొదలగువాటి విషయములో, దుక్కికిగాని పాడికిగాని పనికిరానిదని తగిన అధికారి ధ్రువపత్రమిచ్చిన తరువాతనే వధింపవచ్చును. ఇది పాటించవలసినదే; దీనిలో వాదము లేదు. నేను మాటలాడుచున్నది చట్టమునకు లోబడి తెచ్చుకొనిన మాంసమును గూర్చి. అది చట్టము దాటి వచ్చి మనస్సాక్షి గడపలో నిలిచినది. అక్కడ ఏమి చేయవలెను?

ఇప్పుడు చాలమంది బోధకులు అపొస్తలుడైన పౌలు కొరింథువారికి వ్రాసిన మొదటి పత్రికను తెరతురు. ఆ పట్టణమున గుడులలో అర్పించిన మాంసము అంగడికి వచ్చెడిది. దానిని తినవచ్చునా అని సంఘములో తగవు లేచెను. విగ్రహము వట్టిదని యెరిగినవాడు తినుటలో దోషము లేదని పౌలు ఒప్పుకొనెను. అయినను తన భోజనమువలన సహోదరుడు పడిపోవునట్లయితే తాను ఎన్నడును మాంసము ముట్టనని చెప్పెను. ఇంత గొప్ప మాట చెప్పగలవాడు పౌలు ఒక్కడే. మన బోధకుడు ఈ మాటను పట్టుకొని వాడవానివైపు తిరిగి, చూచితివా, నీ పొగవలన పొరుగువాడు నొచ్చుకొనుచున్నాడు, కావున మానుము అనును.

నేను దీనికి ఒప్పుకొనను. ఎందుకో చెప్పెదను.

మొదట, పౌలు ఎవరితో మాటలాడుచున్నాడో చూడుము. బలవంతునితో. తెలివి గలవానితో, విందులకు పిలుపందుకొనువానితో. ఆ కాలపు కొరింథులో దినదినము మాంసము కొని తినగలవాడు ధనికుడు. బీదవాడు పండుగ నాటి పంపకములో మాత్రమే దాని రుచి చూచెడివాడని ఆ చరిత్ర చదివినవారు చెప్పుదురు. పౌలు ఆ పైవానిని పట్టుకొని, నీ హక్కును నీ క్రిందివాని కొరకు తగ్గించుకొనుమనెను. మన పల్లెలో ఆ మాటను తలక్రిందులు చేసితిమి. ఊరిలో భూమి ఎవరిది, నీళ్లబావి ఎవరిది, అప్పు ఇచ్చువాడెవడు, పనికి పిలుచువాడెవడు? అతడు బలహీనుడా? బలహీనుడని పేరు పెట్టి అతని కోపమును కాపాడి, బలవంతుడని పేరు పెట్టి కూలివాని కుండను ఖాళీ చేయించుట పౌలు బోధ కాదు. అది ఊరి కట్టుబాటునకు తొడిగిన లేఖనపు చొక్కా.

రెండవది, అభ్యంతరము అను మాట. మనము దానిని మనస్సునొప్పి అను అర్థముతో వాడుచున్నాము. పౌలు చెప్పిన అభ్యంతరము వేరు. ఒకడు తినుట తప్పని నిజముగా నమ్మి, నీవు తినుచుండగా చూచి, సిగ్గునకో సహవాసమునకో లోబడి తన మనస్సాక్షికి విరోధముగా తానును తిని, లోపల విరిగిపోవును. ఆ విరుగుటయే అభ్యంతరము. నీ ముంగిట నిలిచి ముక్కు మూసికొనినవాడు అట్లు పడిపోవుట లేదు. అతడు అసహ్యించుకొనుచున్నాడు. అసహ్యమును బలహీనత అనుట మాటలను కలిపివేయుట. పొరుగువాడు అసహ్యించుకొనినప్పుడెల్ల మానవలెననినచో, ఒకప్పుడు మన తాతలు బావిలో చేద వేసినందుకును, వీధిలో చెప్పులు తొడిగినందుకును పొరుగువాడు అసహ్యించుకొనినాడు, అవియును మానవలసినదేనా?

ఇక మూడవది త్వరగా చెప్పి ముగించెదను. రోమీయులకు వ్రాసిన పత్రికలో ఈ సంగతి రెండు ప్రక్కలకును వచ్చినది. తినువాడు తిననివానిని తృణీకరింపరాదు. తిననివాడు తినువానికి తీర్పు తీర్చరాదు. మొదటి సగము మీద ప్రసంగములు చాల వింటిని. రెండవ సగము మీద విన్నవి తక్కువ.

అయితే పొరుగువాని నొప్పి అంతయు అసహ్యమేనని చెప్పుటయు న్యాయము కాదు. ప్రియ చదువరీ, ఇక్కడ నీవు ఆగవలెను. మహారాష్ట్ర సరిహద్దు పల్లెలలో పొలాల అమావాస్య నాడు రైతు తన ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగు పూసి, మెడలో గంటలు కట్టి, నైవేద్యము పెట్టును. ఆ ఎద్దునకు పేరు గలదు. ఆ పేరు పెట్టి పిలిచిన తిరిగి చూచును. దానితోపాటు పదేండ్లు ఎండలో వానలో నడచినవానికి పెద్దకూర వాసన వచ్చినప్పుడు కడుపులో త్రిప్పినయెడల అది వట్టి గర్వము కాదు. దానిలో ప్రేమ గలదు. ఆ ప్రేమను ఎగతాళి చేయుట మనకు తగదు. కోపము కొరకు, చూడుమని చూపుట కొరకు తినుట కూడ తగదు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయమున విద్యార్థులు పెద్దకూర పండుగ చేసినప్పుడు కొట్లాట జరిగి గాయములైనవి. ఆ విద్యార్థుల బాధ నాకు తెలియును. తమ తల్లి వండినదానిని హాస్టలు భోజనశాలలో పేరెత్తి చెప్పలేకపోవుట చిన్న బాధ కాదు. వారి మీద రాళ్లు వేసినవారిని ఏ ధర్మమును సమర్థించదు. అయినను పండుగ పేరున వండిన కూర, అటుకమీది కూర ఒక్కటి కావని నా తలంపు. ఒకటి సవాలు, రెండవది ఆకలి. సవాలు చేయవలసిన దినములుండును; కాని దానిని ఆకలి పేరుతో పిలువరాదు.

రైతు ప్రేమను గూర్చి చెప్పితిని గదా, అదే నోటితో ఇంకొకటి చెప్పవలెను. ఆ ఎద్దు ముసలిదై కాడి మోయలేనప్పుడు ఎక్కడికి పోవుచున్నది? అంగడికి. తాడు విప్పి బేరగానికి ఇచ్చి, పైకము లెక్కపెట్టుకొని, వెనుకకు చూడక వచ్చునది ఎవరు? మేత కరవైన యేట మరియు చేయవలసినదేమియు అతనికి లేదు. అతనిని తప్పు పట్టను. కాని ఆ అంగడినుండి ఆ పశువు నడచిన దారి చివర నిలిచినవానిమీద మాత్రమే పాపమంతయు మోపుట ఎట్లు? అమ్మిన చేతికి పసుపు, కోసిన చేతికి మసి. ఈ గొలుసులో చివరి కడియము వాడలోని పొయ్యి. దానినుండి పొగ వచ్చును గనుక అది కనబడును, బేరము కనబడదు.

కనబడుట ఎంత ప్రమాదమో 2015 సెప్టెంబరులో దాద్రి దగ్గర తెలిసినది. ఉత్తరప్రదేశ్‌లోని ఆ పల్లెలో, ఇంటిలో ఏ మాంసమున్నదో అను పుకారు మీద గుంపు తలుపు పగులగొట్టి ఒక ఇంటి పెద్దను చంపినది. మంచుపెట్టెలోని గిన్నె ఒక ప్రాణము ఖరీదైనది. ఆ వార్త చదివిన తరువాత కల్హేర్‌లోగాని మరియే పల్లెలోగాని ఒక తల్లి తునకలు కాల్చుటకు ముందు లేచి తలుపు గడియ వేసినయెడల, ఆమె దాచుచున్నదని నీవు నిందింపగలవా?

తలుపు మూయుటను గూర్చి ఇంకను చెప్పవలసియున్నది. మన భాషయే ఈ తలుపును ముందుగా మూసినది. పేరు చెప్పక "పెద్దకూర" అనుకొనుచున్నాము. పట్టణమునకు వచ్చి అద్దె యిల్లు వెదకునప్పుడు యజమాని అడుగును: మీరు మాంసము తిందురా? తిందుమనిన, ఏ మాంసమని అడుగును. ఆ రెండవ ప్రశ్న అద్దెకు సంబంధించినది కాదని ఇద్దరికిని తెలియును. అది కులమును అడుగు మర్యాదగల విధము. అప్పుడు కోడిమాంసమని చెప్పి లోపలికి పోవుట అబద్ధమా? చెప్పకుండుట వేరు, లేనిది చెప్పుట వేరు, ఇంతమట్టుకు స్పష్టమే. అడుగ హక్కులేని ప్రశ్నకు జవాబు చెప్పకుండుటలో దోషము లేదని నేను తలంతును. కాని ఆ యింటిలో పెరుగు పిల్లవాడు, అమ్మమ్మ పంపిన తునకల డబ్బాను మంచము క్రింద దాచుట నేర్చుకొనును. ఆ డబ్బాతోపాటు అమ్మమ్మను కూడ మంచము క్రిందికి నెట్టును. తన బడి స్నేహితుడు వచ్చినప్పుడు ఆమె ఊరినుండి రాకపోయిన బాగుండునని కోరుకొనును. ఇది నాకు అన్నిటికంటె ఎక్కువ దుఃఖము కలిగించు సంగతి. పొరుగువాని మనస్సాక్షిని కాపాడబోయి పిల్లవాని మనస్సును పోగొట్టుకొనుట ఏ లెక్క?

ఇప్పుడు మరల టెక్సాసునకు పోవుదము. అక్కడ డల్లాసు, హూస్టను నగరములలో మనవారు వేలకొలది స్థిరపడియున్నారు. వారిలో ఎందరో గోమాంసము ముట్టనివారు. సెలవు దినమున ప్రక్కయింటి అమెరికావాడు తన పెరటిలో ఇనుప పొయ్యి రాజేసి, తెల్లవారుజాము మొదలు సాయంకాలము వరకు రొమ్ము మాంసమును పొగబెట్టును. ఆ పొగ కంచె దాటి మనవాని పెరటిలోనికి వచ్చును. అది గేదె మాంసము కాదు, ఆవుజాతిదే. మనవాడు ఏమి చేయును? కిటికీ మూసికొనును, లేదా కంచె మీదుగా పలుకరించి నవ్వును. ఆ యింటికి విందునకు పిలిచిన పోయి, కూరగాయలు మాత్రము తిని, మంచిమాట చెప్పి వచ్చును. ఆ పొరుగువానిని అపవిత్రుడనడు. పొయ్యి ఆర్పుమనడు. అతని చేతి నీళ్లు త్రాగుటకు వెనుకాడడు. ఇది మంచి మర్యాద, నేను మెచ్చుకొనుచున్నాను. కాని అతనిలో ఒకడు సెలవుమీద తన ఊరికి వచ్చినప్పుడు, వాడ ప్రక్కగా పోవుచు అదే వాసనకు ముఖము చిట్లించి నడక తొందర చేసినయెడల, నేను అతనిని అడుగుదును: అయ్యా, ముక్కు మారినదా? పొగ మారినదా? మాంసము అదియే, పొగ అదియే. పొయ్యి దగ్గర కూర్చున్న మనుష్యుడు మారినాడు. అట్లయితే నీకు నొప్పి కలిగించినది మాంసము కాదు.

ఈ ప్రశ్నను నేను కోపముతో అడుగుట లేదు. టెక్సాసులో అతడు చేయగలిగిన పని కల్హేర్‌లోను చేయగలడని చెప్పుటకే అడుగుచున్నాను. తాను తినకుండ, తినువానిని మనుష్యునిగా చూచుట అతనికి అప్పుడే వచ్చిన విద్య. క్రొత్తగా నేర్పనక్కరలేదు.

పొగను తగ్గించుటకు నిజమైన కారణములు లేకపోలేదు. అవి వేరు, వాటిని నిజాయితీగా చెప్పవలెను. పొగ నిండిన గుడిసెలో వంగి ఊదిన తల్లుల కండ్లు, ఊపిరితిత్తులు చెడినవి. 1999లో ఉమ్మడి రాష్ట్రమున దీపము పథకము, 2016లో కేంద్రము ఉజ్వల పథకము గ్యాసు పొయ్యిలను పేదయింటికి తెచ్చినవి, అది మేలు. గ్యాసు వచ్చిన యింటిలో దూలము క్రింద పొగ లేదు గనుక తునకలు ఎండమీదనే ఆధారపడుచున్నవి. పొగబెట్టిన, ఉప్పువేసి నిలువచేసిన మాంసమును నిత్యము తినుట క్యాన్సరునకు కారణమగునని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ తేల్చినది. వంటగదిలో మూసిన తలుపుల నడుమ పొగబెట్టుట మరియు చెరుపు. ఆరుబయట, గాలి పోవుచోట చేయవలెను. ఈ మాటలు పొరుగువాడు చెప్పినను వినుము, కృతజ్ఞతతో వినుము. అతడు నీ ఊపిరిని గూర్చి చెప్పుచున్నాడో, నీ పుట్టుకను గూర్చి చెప్పుచున్నాడో గొంతును బట్టి నీకు తెలియును.

ఇక మొదటి ప్రశ్నకు నా జవాబు. పొరుగింట చావు జరిగినదనుకొనుము, లేక వారు ఉపవాసముండు దినమనుకొనుము, లేక ఆ యింటి ముసలి తండ్రి జబ్బుపడి ఏ వాసనకును ఓర్వలేకున్నాడనుకొనుము. ఆ దినమున తునకలు కాల్చకుము. అతడు అడుగకముందే మానుము, మానినట్టు అతనికి తెలియనియ్యకుము. ఒక దినము ఆగినందువలన నీకు పోయినదేమియు లేదు. ఆగుట కొరకే గదా వాటిని ఎండబెట్టినది, రేపు కూడ అవి కుండలోనే యుండును. అదే పొరుగువాడు వచ్చి, రేపు కూడదు, ఎల్లుండియు కూడదు, ఈ వీధిలో ఉన్నంతకాలము కూడదు అనినయెడల, అతనిని కూర్చుండబెట్టి, మంచినీళ్లిచ్చి, అతడు ఆ నీళ్లు త్రాగునో లేదో చూడుము. త్రాగినయెడల ఇద్దరును మాటలాడుకొనుటకు చోటున్నది. మెల్లగా చెప్పుము, అతని ఎద్దు పేరు కూడ అడుగుము. త్రాగక లేచిపోయినయెడల సంగతి తునకలది కాదని నీకు తెలిసినది. ఆ సాయంకాలము నీ యింటిలో పిల్లలు రొట్టె పట్టుకొని కూర్చున్నారు. నిప్పు రాజేయుము.